పరదేశంలో మరణిస్తే భౌతికకాయం ఊరు చేరేదెలా?



ఈనాటి విషయం వినగానే, దీపాలు పెట్టే వేళ ఇదేం మాట అని కొందరు రేడియో కట్టేయాలనుకోవచ్చు. కానీ ఇంట్లోంచి ఒక మనిషి దేశం దాటి వెళ్ళిన ప్రతి కుటుంబమూ ఒక్కసారి వినవలసిన మాట ఇది. కష్టం వచ్చిన రోజున వినే స్థిమితం ఎవరికీ ఉండదు. అంచేత అందరూ కులాసాగా ఉన్నప్పుడే చెప్పుకుందాం.

వలస మన రాయచూరు జిల్లాకు కొత్త కాదు. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ళు పారడం మొదలయ్యాక కోస్తా జిల్లాల నుంచి ఎడ్లబండ్ల మీద, రైళ్ళ మీద వచ్చి, సింధనూరు, మాన్వి తాలూకాల్లో క్యాంపులు వేసుకున్న కుటుంబాలు మన మధ్య ఉన్నాయి. ఆ ఇళ్ళ పిల్లల్లో కొందరు ఇప్పుడు అమెరికాలో చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. ఇంకోవైపు తాపీపనికి, డ్రైవరు పనికి, ఇంటిపనికి గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారున్నారు. మన ఊళ్ళలో ఏ దేశం వెళ్ళినా దుబాయి వెళ్ళాడనే అంటాం.

ఒక్క సంగతి ఊహించుకోండి. సింధనూరు తాలూకాలో ఒక క్యాంపు. రాత్రి పదకొండు గంటలప్పుడు ఫోను మోగింది. అవతల నుంచి భర్తతో పాటు ఒకే గదిలో ఉండే కుర్రవాడు మాట్లాడుతున్నాడు. "వదినా, అన్నయ్య ఇక లేడు. గుండెపోటు అంటున్నారు. ఆసుపత్రిలోనే ఉంచారు" అన్నాడు. ఏడుపులు కాస్త ఆగాక ఇంట్లో పెద్దాయన అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "ఎప్పుడు తీసుకొస్తారు?"

ఆ ప్రశ్నకు జవాబు విమానంలో లేదు, కాగితాల్లో ఉంది. గల్ఫ్ నుంచి హైదరాబాదుకు విమానం నాలుగైదు గంటల్లో వస్తుంది. కానీ ఆ విమానం ఎక్కడానికి ఒక్కొక్కప్పుడు వారం పడుతుంది, ఒక్కొక్కప్పుడు నెల దాటుతుంది. ఆ ఆలస్యంలో కొంత అక్కడి ప్రభుత్వాల చేతిలో ఉంటుంది. మిగతాది మన చేతిలో ఉంటుంది. ఆ మన చేతిలో ఉన్నదాన్ని గురించే ఈ ప్రసంగం.

ముందు, అక్కడ ఏం జరుగుతుందో వరసగా చూద్దాం. మనిషి పోగానే ఆసుపత్రివారు మరణ కారణం రాసి నివేదిక ఇస్తారు. ప్రమాదమో, ఆత్మహత్యో, అనుమానాస్పద మరణమో అయితే పోలీసుల విచారణ, అవసరమైతే శవపరీక్ష జరుగుతాయి. అవి పూర్తయ్యేదాకా శరీరం శవాగారంలోనే ఉంటుంది. ఆ తరువాత అక్కడి ప్రభుత్వం మరణ ధ్రువపత్రం ఇస్తుంది. అది అరబ్బీలో ఉంటే ఇంగ్లీషు అనువాదం కావాలి. ఆ పత్రాలతో మన రాయబార కార్యాలయానికి వెళితే, వారు మరణాన్ని నమోదు చేసి, పాస్‌పోర్టును రద్దు చేసి, భౌతికకాయాన్ని ఇండియా పంపడానికి అభ్యంతరం లేదని పత్రం ఇస్తారు. ఈ పనులన్నీ చాలాచోట్ల యజమాని తరఫు మనిషి చేస్తాడు. యజమాని పట్టించుకోకపోతే తోటి కార్మికులో, సంఘ సేవకులో చేస్తారు. కేరళకు చెందిన అష్రఫ్ తామరస్సేరి అనే ఆయన యు.ఎ.ఇ.లో ఉంటూ, ఊరూ పేరూ తెలియని వేలమంది భౌతికకాయాలను ఇళ్ళకు పంపించారు. 2015లో ఆయనకు ప్రవాసీ భారతీయ సమ్మాన్ దక్కింది. అలాంటివారు ఉన్నారు కనుక నిస్సహాయులమని అనుకోనక్కరలేదు.

తరువాతది ఎంబామింగ్. అంటే రక్తనాళాల ద్వారా ఫార్మలిన్ కలిసిన ద్రావణాన్ని ఎక్కించి శరీరం చెడిపోకుండా చేయడం. చేసినవారు దానికో ధ్రువపత్రం ఇస్తారు. పెట్టె విషయంలో మన దేశపు నియమం 1954 నాటిది. భారత విమాన ప్రజారోగ్య నియమాల ప్రకారం, దహనం చేయని శరీరాన్ని జింకు వంటి లోహపు రేకు పెట్టెలో ఉంచి, అతుకులన్నీ గాలి దూరకుండా టంకం వేసి మూసి, దాన్ని గట్టి చెక్కపెట్టెలో పెట్టాలి. ప్లేగు, ఎల్లో ఫీవర్, ఆంథ్రాక్స్ వంటి కొన్ని వ్యాధులతో చనిపోయినవారిని ఆ విధంగా కూడా తీసుకురానివ్వరు. మరణ కారణం రాసిన కాగితానికి అంత విలువ ఎందుకో దీన్నిబట్టి తెలుస్తుంది.

పెట్టె మన విమానాశ్రయంలో దిగాక అక్కడి ఆరోగ్యాధికారి అనుమతి ఇవ్వాలి. ఈ అనుమతి కోసం 2023 ఆగస్టులో కేంద్ర ఆరోగ్యశాఖ ఈ-కేర్ అనే పోర్టల్ ప్రారంభించింది. పత్రాలన్నీ ముందుగానే కంప్యూటరులో పంపితే, విమానం దిగేలోపే పరిశీలన అయిపోతుంది. మనిషి మనిషినీ బతిమాలుకునే అవసరం తగ్గింది. కానీ ఒక్క పత్రం లోపించినా పని అక్కడే ఆగుతుంది.

అనుమతి లేకపోతే ఏమవుతుందో 2020 ఏప్రిల్‌లో దేశమంతా చూసింది. కరోనా రోజులవి. అబుదాబి నుంచి ఢిల్లీ వచ్చిన ముగ్గురు భారతీయుల భౌతికకాయాలను దింపనివ్వక అదే విమానంలో వెనక్కి పంపేశారు. ఆ ముగ్గురిదీ కరోనా మరణం కాదని ఇళ్ళవాళ్ళు మొరపెట్టుకున్నారు. రెండు మూడు రోజులకు, ఏప్రిల్ 25న, కేంద్ర హోంశాఖ స్పష్టమైన పద్ధతి ప్రకటించాక గాని దారి తెరుచుకోలేదు. సొంత దేశపు నేల దాకా వచ్చి వెనుదిరిగిన ప్రయాణం అది.

ప్రభుత్వం పూనుకుంటే ఎంత త్వరగా జరుగుతుందో కూడా చూశాం. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులుండే భవనం అంటుకుంది. జూన్ 14న మన వైమానిక దళ విమానం 45 మంది భారతీయుల భౌతికకాయాలను కొచ్చికి తెచ్చింది. అందులో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వారు. ఒకరు కలబురగి జిల్లా వారు. గుర్తుపట్టలేనంతగా కాలినవారికి డి.ఎన్.ఏ. పరీక్షలు చేసి కూడా రెండు రోజుల్లో పంపగలిగారు. అయితే పేపర్లలోకి ఎక్కని ఒంటరి మరణానికి విమానం ఎదురు రాదు. దానికి ఒక్కొక్క కాగితమూ నడిచి నడిచి చేరాలి.

ఇక ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? చాలామందికి తెలియని సంగతి ఇది. 1983 నాటి వలస చట్టం కింద చేసిన నియమాల ప్రకారం, కార్మికుడి ఉద్యోగ ఒప్పందంలో, మరణిస్తే భౌతికకాయాన్ని ఇండియాకు పంపే బాధ్యత గురించి కూడా రాసి ఉండాలి. అంటే ఒప్పందం చేతిలో ఉన్నవాడి విషయంలో యజమానిని అడిగే హక్కు మనకు ఉంది. రెండోది, ప్రవాసీ భారతీయ బీమా యోజన. పదో తరగతి పాస్ కాకుండా గల్ఫ్ వంటి 18 దేశాలకు పనికి వెళ్ళేవారు వలస అనుమతి తీసుకున్నప్పుడు ఈ బీమా చేయించాలి. 2017లో సవరించిన ప్రకారం రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయలు ప్రీమియం. ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 10 లక్షల రూపాయలు వస్తాయి. మూడోది, 2009లో ఏర్పాటైన భారతీయ సముదాయ సంక్షేమ నిధి. యజమానీ లేక, బీమా లేక, ఇంటివాళ్ళకు స్తోమత లేకపోతే, రాయబార కార్యాలయం ఈ నిధి నుంచి రవాణా ఖర్చు భరించవచ్చు. అయితే అది అడిగితేనే వస్తుంది.

ఇప్పుడొక గట్టి మాట చెప్పాలి. ఏజెంటు మాట నమ్మి విజిట్ వీసా మీద వెళ్ళి పనిలో చేరినవాడికి ఒప్పందం ఉండదు, వలస అనుమతి ఉండదు, ఆ బీమా కూడా ఉండదు. యజమాని దగ్గర నుంచి బయటపడి, అకామా గడువు దాటిపోయి, గల్ఫ్‌లో మనవాళ్ళు కల్లివెల్లి అనుకునే స్థితిలో ఉన్నవాడి గతీ అంతే. బతికున్నప్పుడు నెలకు నాలుగు డబ్బులు ఎక్కువ కనిపించవచ్చు. పోయిన రోజున నా మనిషి అని ముందుకు వచ్చేవాడు ఉండడు. బయలుదేరేముందు ఏజెంటును అడగవలసిన మొదటి ప్రశ్న జీతం ఎంత అని కాదు, ఏ వీసా మీద పంపుతున్నావు అని.

విమానం చార్జీ సంగతి. విమానాల వాళ్ళ లెక్కలో శవపేటిక కార్గో కిందకు వస్తుంది. మామూలుగా బరువును బట్టి డబ్బు తీసుకుంటారు. పోయిన మనిషిని తూకం వేయడమేమిటని గల్ఫ్‌లో మనవాళ్ళు చాలాకాలం ఆందోళన చేశారు. దాని ఫలితంగా 2019 జనవరిలో ఎయిర్ ఇండియా యు.ఎ.ఇ. నుంచి తెచ్చేటప్పుడు పన్నెండేళ్ళు దాటినవారికి 1500 దిర్హాములు, పిల్లలకు 750 దిర్హాములు అని ఒకే రేటు పెట్టింది. ఆ సంస్థ 2022 జనవరిలో టాటా వారి చేతికి వెళ్ళింది. కనుక ఏ రోజు రేటు ఆ రోజు అడిగి తెలుసుకోవడమే మంచిది.

ఇక మన సరిహద్దు జిల్లా చిక్కులు వేరు. మన మాట తెలుగు, రేషను కార్డు కన్నడం, పెద్దాసుపత్రి కర్నూలు, విమానం శంషాబాదు. ఇలా బతకడం మనకు అలవాటే. కానీ శంషాబాదులో పెట్టె దిగిన రోజున ఈ గీతలన్నీ ఒక్కసారిగా కనిపిస్తాయి. గల్ఫ్‌లో చనిపోయిన తెలంగాణ వారిని శంషాబాదు నుంచి ఊరికి చేర్చడానికి ఆ ప్రభుత్వం ఉచితంగా అంబులెన్సు ఇస్తుంది. ఆంధ్రప్రదేశ్ వారి కోసం అక్కడి ప్రవాసాంధ్రుల సంస్థ ఏర్పాటు చేస్తుంది. మనం తెలుగే మాట్లాడినా, మన చిరునామా కర్ణాటక. గద్వాల వారికి వచ్చే బండి కృష్ణ దాటి శక్తినగర్ వైపు రాదు. దీన్ని తలచుకుని అక్కడ నిలబడి వాదించి లాభం లేదు. విమానం తేదీ తెలియగానే రాయచూరులో జిల్లాధికారి కార్యాలయానికి కబురు చెప్పి సాయం అడగండి. అది అందేలా లేకపోతే ఊరి నుంచే బండి మాట్లాడుకుని వెళ్ళండి. షాద్‌నగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్, మక్తల్ మీదుగా రాయచూరుకు నాలుగైదు గంటల దారి. సింధనూరుకు మరో రెండు గంటలు.

విమానాశ్రయంలో ప్రయాణికులు బయటికి వచ్చే గేటు దగ్గర నిలబడకండి. పెట్టె అక్కడికి రాదు. కార్గో విభాగానికి వెళ్ళాలి. పంపేటప్పుడు రాసిన కార్గో బిల్లులో అందుకునే వ్యక్తి పేరు ఒకటి ఉంటుంది. ఆ పేరుగల మనిషే తన గుర్తింపు కార్డుతో రావాలి. కనుక అక్కడివాళ్ళు పేరు అడిగినప్పుడు నడవలేని తండ్రి పేరో, స్పృహలో లేని భార్య పేరో ఇవ్వకండి. తిరగగలిగిన తమ్ముడి పేరో, బావమరిది పేరో ఇవ్వండి. కాగితాల మీద ఆయనను సరుకు అని రాస్తే బాధపడకండి. అది విమానాల భాష, అంతే.

ఇంకో చిక్కు పేర్లది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా చివర ఉంటుంది. బ్యాంకు పుస్తకంలో ఇంకో రకంగా ఉంటుంది. అక్కడి అధికారికి ఈ ముగ్గురూ ఒకరే అని తెలియదు. సౌదీ వంటి చోట్ల వారసులు నోటరీ చేయించిన సమ్మతి పత్రం పంపాలి. దానికి నాడ కచేరిలో ఇచ్చే వంశవృక్షం, బతికున్న కుటుంబ సభ్యుల పత్రం ఆధారం. వాటిలో పేర్లు కలవకపోతే రోజులు గడిచిపోతాయి. కనుక మనిషి వెళ్ళేముందే పేర్లు సరిచేయించుకోండి.

సమ్మతి పత్రం గురించి ఒక హెచ్చరిక. భౌతికకాయాన్ని పంపమని ఇచ్చే సమ్మతి వేరు, జీతం బాకీలు, నష్టపరిహారం ముట్టాయని ఇచ్చే రసీదు వేరు. దుఃఖంలో ఉన్నప్పుడు రెండూ ఒకే కాగితం మీద పెట్టి సంతకం అడిగితే పెట్టకండి. చదువుకున్నవారి చేత ఒక్కొక్క వాక్యమూ చదివించుకుని, శరీరం పంపే మేరకే సంతకం చేయండి. బాకీల సంగతి రాయబార కార్యాలయం ద్వారా తరువాత అడగవచ్చు.

ఇప్పుడు చెప్పడానికి కష్టమైన సంగతి. తీసుకురావడమే ఏకైక మార్గమా? కాదు. ముస్లిం కుటుంబాలు కొన్ని అక్కడి నేలలోనే ఖననానికి ఒప్పుకుంటాయి. అది వారికి ఊరట. సౌదీలో దహనానికి వీలు లేదు కనుక హిందువులు అక్కడే ఖననానికి ఒప్పుకోవాలి, లేదా ఇంటికి తెచ్చుకోవాలి. దుబాయిలో హిందువుల శ్మశానం ఉంది. అక్కడ దహనం చేయించి అస్థికలు తెప్పించుకోవచ్చు. అమెరికాలోనూ ఈ పద్ధతి ఉంది. దహన ధ్రువపత్రం, మరణ ధ్రువపత్రం వెంట ఉంటే అస్థికలను మనిషి తనతో పాటు విమానంలో తేగలడు. అమెరికాలో పిల్లలకు ఏదైనా జరిగితే, తానా వారి టీమ్ స్క్వేర్ వంటి తెలుగు సంఘాల విభాగాలు కాగితాల పనిలోనూ, విరాళాల సేకరణలోనూ తోడు నిలుస్తున్నాయి. ఏ దారి ఎంచుకున్నా అది ఆ ఇంటి నిర్ణయం. శవాన్ని కూడా తెప్పించుకోలేకపోయారని ఎవరూ ఎత్తిపొడవకూడదు. ఆ ఒక్క మాటకు భయపడి ఉన్న రెండెకరాలు తాకట్టు పెట్టిన తరువాత, ఆ పిల్లలను చూసేదెవరు?

పెట్టె ఇంటికి చేరాక కొన్ని సంగతులు తెలిసి ఉండాలి. ఎంబామింగ్ అయిన శరీరం బిగుసుకుని ఉంటుంది. లింగాయతుల పద్ధతిలో కూర్చోబెట్టి ఖననం చేయాలంటే అది సాధ్యపడకపోవచ్చు. ఆచారం తెలిసిన పెద్దలతో ముందే మాట్లాడుకోండి. శరీరం మీద, గుడ్డల మీద మందు వాసన ఉంటుంది, కళ్ళు మండుతాయి. పసిపిల్లలను దగ్గరకు తీసుకుపోకండి. తలంటి స్నానం చేయించాలని పట్టుబట్టకండి, నాలుగు చుక్కల గంగ చల్లితే చాలు. దహనం చేసేవారు రేకు పెట్టెతో చితి మీద పెట్టకూడదు. ఆ రేకు కట్టెల్లా కాలదు. చెక్కపెట్టె మేకులు తీసే మనిషిని, జింకు రేకు కత్తిరించే కత్తెరను ముందే సిద్ధం చేసుకోండి. అందరూ గుమిగూడిన వేళ కత్తెర కోసం వెతుక్కోవడం కన్నా వేదన లేదు.

మరణ ధ్రువపత్రం కోసం మళ్ళీ పంచాయితీ చుట్టూ తిరగకండి. విదేశంలో జరిగిన మరణం అక్కడి మన రాయబార కార్యాలయంలోనే నమోదవుతుంది. వారిచ్చిన పత్రాన్నే బ్యాంకులో, బీమా ఆఫీసులో చూపించాలి. దాని నకళ్ళు పది తీసి పెట్టుకోండి.

ఇప్పుడు ఒక పెన్సిలు తీసుకోండి. మీ ఇంటి మనిషి విదేశంలో ఉంటే, ఒక పాత నోటుపుస్తకంలో ఇవి రాసి, బియ్యం డబ్బా పక్కనో, దేవుడి పటం వెనకో ఉంచండి. ఒకటి, పాస్‌పోర్టు, వీసా, అకామా కాగితాల జెరాక్సులు. రెండు, యజమాని పేరు, కంపెనీ పేరు, ఫోను నంబరు. మూడు, ఉద్యోగ ఒప్పందం, బీమా పాలసీ నకళ్ళు. నాలుగు, అతనితో గదిలో ఉండే ఇద్దరి ఫోను నంబర్లు. ఐదు, ఆ దేశంలోని మన రాయబార కార్యాలయం నంబరు. ఆరు, కేంద్ర ప్రభుత్వపు ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత ఫోను నంబరు: 1800 11 3090. దీనికి తోడు 2015లో విదేశాంగ శాఖ ప్రారంభించిన మదద్ అనే పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేస్తే, ఒక నంబరు ఇస్తారు. ఆ నంబరు పట్టుకుని ఎవరి దగ్గర ఎన్నాళ్ళు ఆగిందో అడగవచ్చు.

ఈ కాగితాలు అడిగితే అపశకునమని కొందరు తల్లులు ఒప్పుకోరు. కానీ ఎల్.ఐ.సి. పాలసీ కట్టేటప్పుడు నామినీ పేరు రాస్తున్నాం. అది అశుభమని ఎవరూ అనుకోవడం లేదు. ఇదీ అంతే. ఆ పుస్తకం ఎన్నటికీ తెరవవలసిన అవసరం రాకూడదనే కోరుకుందాం. మనవాడు రెండేళ్ళకు పెద్ద పెట్టెలతో, చాక్లెట్లతో దిగి, ఆ పుస్తకం చూసి నవ్వితే అంతకన్నా ఏం కావాలి? కానీ ఏ రాత్రయినా ఆ ఫోను మోగితే, ఏడ్చే చేతులకు ఆ పుస్తకం అందుబాటులో ఉండాలి. వాళ్ళ మనిషి త్వరగా ఇల్లు చేరడానికి, ఇక్కడి నుంచి మనం చేయగలిగిన సాయం అదొక్కటే.

ఈ మాటలు మీ వీధిలో దుబాయి వెళ్ళినవారి ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. సెలవు.